తెరిచిన గ్రంథంలో దొరకని వాక్యం

2014 ఏప్రిల్ రెండవ వారం. కెనడాలో ఆదాయపు పన్ను పత్రాలు దాఖలు చేసే కాలం. నార్త్ యార్క్ పరిసరాల తెలుగు ఇళ్ళలో ఉగాది పండుగ ముగిసి, టీ-4 కాగితాలు భోజనాల బల్ల మీదికి చేరే రోజులవి. సరిగా ఆ సమయంలోనే కెనడా రెవెన్యూ ఏజెన్సీ తన ఆన్‌లైన్ సేవలను హఠాత్తుగా నిలిపివేసింది. కొన్ని రోజుల తరువాత సేవలు తిరిగి మొదలైనాయి. కానీ ఈలోగా, ఆరు గంటల వ్యవధిలో, సుమారు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు అపహరణకు గురైనాయని ఆ సంస్థ ప్రకటించింది. పత్రాల దాఖలుకు గడువును ఏప్రిల్ 30 నుంచి మే 5 వరకు పొడిగించారు.

ఈ ఉపద్రవానికి మూలం పన్నుల కార్యాలయంలో లేదు. ఆ కార్యాలయం ఉపయోగించిన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ఒక చిన్న సహాయక ప్రోగ్రాములో ఉన్నది. ప్రపంచంలోని అసంఖ్యాకమైన కంప్యూటర్లు రహస్యంగా సంభాషించుకోవడానికి వాడుకునే ప్రోగ్రాము అది. అందులోని లోపానికి ‘హార్ట్‌బ్లీడ్’ అని పేరు పెట్టారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఆ లోపం ఏ ఇనుప పెట్టెలోనూ దాగి లేదు. లోపభూయిష్టమైన ఆ వాక్యాలు 2011 డిసెంబరు 31న ప్రోగ్రాములో చేరాయి. 2012 మార్చిలో లోకానికి విడుదలైనాయి. రెండేళ్ళకు పైగా, ఎవరైనా సరే ఉచితంగా చదువుకోగల స్థితిలో అవి బహిరంగంగా ఉన్నాయి. అయినా 2014 వరకు వాటిని బయటపెట్టినవారు లేరు.

తెరిచి ఉన్న గ్రంథంలో తప్పు ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే, కోట్ల పంక్తుల సోర్స్ కోడ్‌లో ఒక పంక్తిని వెదికే విద్య ఎటువంటిదో, దాని శక్తి ఎంతో, దాని పరిమితి ఎక్కడో తెలుసుకోవాలి.

సీసా మీది పేరు

సోర్స్ కోడ్ అంటే మనుషులు చదవగలిగే భాషలో వ్రాసిన ప్రోగ్రాము పాఠం. దానిని కంపైలర్ అనే అనువాదకుడు యంత్రభాషలోకి మారుస్తాడు. యంత్రభాష అంకెల గుట్ట. దానిని చదవడం బహు కష్టం. తమ సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచి, చదవడానికి, మార్చడానికి, పంచడానికి అనుమతి ఇచ్చే సంప్రదాయాన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు.

ఈ రంగంలో ‘లైబ్రరీ’ అన్న మాటకు పుస్తకాల భవనం అని అర్థం కాదు. పదే పదే అవసరమయ్యే పనులను ఒకసారి చక్కగా వ్రాసి, ఇతర ప్రోగ్రాములు వాడుకునేందుకు వీలుగా కట్టిన మూటకు ఆ పేరు. నెట్‌వర్క్ మీద సమాచారం తెచ్చిపెట్టే లిబ్‌కర్ల్, సమాచారాన్ని నొక్కి చిన్నది చేసే జడ్‌లిబ్, రహస్యలిపిని నిర్వహించే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఇటువంటివే.

రసాయన ప్రయోగశాలతో దీనిని పోల్చవచ్చు. ఏ రసాయనజ్ఞుడూ తనకు కావలసిన ప్రతి పదార్థాన్నీ మూలకాల నుంచి తానే తయారు చేసుకోడు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కావలసివస్తే సీసా కొంటాడు. సీసా మీది పేరును నమ్మి ప్రయోగం చేస్తాడు. ఆ సీసాలో మాలిన్యం ఉంటే, దానితో జరిగిన ప్రయోగాలన్నీ చెడిపోతాయి. లోపం బయటపడిన రోజున అతనికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఈ సీసాను ఏ ఏ ప్రయోగాలలో వాడాము? సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ప్రశ్న ఇదే. తేడా ఏమిటంటే, అక్కడ ఒక్కొక్క సీసా కోట్లాది గదులలో ఉంటుంది.

మొదటి ఆకు నుంచి చివరి ఆకు వరకు

వెదకడానికి అత్యంత సరళమైన మార్గం మొదటి నుంచి చివరి వరకు చదవడమే. 1973 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ ఈ పని కోసం ‘గ్రెప్’ అనే చిన్న ప్రోగ్రామును యూనిక్స్ వ్యవస్థకు సమకూర్చాడు. ‘గ్లోబల్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ప్రింట్’ అనే ఆదేశాల పొడి అక్షరాలే ఆ పేరుకు ఆధారం. ఇచ్చిన ఆకృతికి సరిపోయే పంక్తులన్నిటినీ పాఠమంతటా వెదకి అచ్చువేయమని దాని అర్థం.

ఇక్కడ ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అన్నది గమనించదగిన భావన. వెదికేవాడు ఒక నిర్దిష్టమైన మాటనే అడగనవసరం లేదు. మాట యొక్క ఆకృతిని చెబితే చాలు. ‘క’తో మొదలై ‘ము’తో ముగిసే మాటలు కావాలంటే కమలము, కలశము, కనకము అన్నీ దొరుకుతాయి. ఇటువంటి ఆకృతులకు గణితశాస్త్ర పునాదిని 1950ల దశకంలో స్టీఫెన్ క్లీనీ వేశాడు.

ఈ విద్యాచరిత్రలో ఒంటారియో బిడ్డలకు గౌరవస్థానం ఉన్నది. టిమ్మిన్స్ పట్టణంలో జన్మించిన ఆల్‌ఫ్రెడ్ ఆహో, టొరంటోలోనే జన్మించిన బ్రయాన్ కెర్నిగన్, ఇద్దరూ టొరంటో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ చదివినవారు. ఇద్దరూ తరువాత బెల్ ప్రయోగశాలలో చేరారు. ‘ఆక్’ అనే పాఠ్య పరిశీలన భాష పేరులోని మొదటి, చివరి అక్షరాలు వీరివే. నడిమి అక్షరం పీటర్ వైన్‌బర్గర్‌ది. 1975లో ఆహో, మార్గరెట్ కొరాసిక్ కలిసి ప్రకటించిన పద్ధతి నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉన్నది. వంద మాటలను వెదకాలంటే గ్రంథాన్ని వందసార్లు చదవనక్కరలేదు. వంద మాటలనూ ఒకే యంత్రంగా అల్లి, గ్రంథాన్ని ఒక్కసారే చదివితే చాలునని వారు చూపారు. విశేషమేమంటే, ఆ పరిశోధనకు ప్రేరణ నిజమైన గ్రంథాలయ సమస్యే. గ్రంథసూచికలలో మాటలను వెదికే పనిలో నుంచే అది పుట్టింది.

ఒక మనిషి వ్రాసిన ప్రోగ్రాముకు గ్రెప్ చాలు. అయితే కోటి పంక్తుల సోర్స్ కోడ్ ఉంటే? పేజీకి 50 పంక్తుల చొప్పున అచ్చువేస్తే అది 2 లక్షల పేజీలు. 400 పేజీల సంపుటాలు 500. ఇటువంటి సంపుటాల గుట్టలు వేలకొద్దీ ఉన్నప్పుడు, అడిగిన ప్రతిసారీ మొదటి ఆకు నుంచి చదవడం సాధ్యం కాదు. అక్కడ సూచిక కావాలి.

మూడక్షరాల సూచిక

శతక గ్రంథాల చివర పద్యాల అకారాది సూచిక ఉంటుంది. పద్యం మొదటి మాట గుర్తున్నవాడికి అది వెంటనే ఉపయోగపడుతుంది. పద్యం నడుమనున్న మాట మాత్రమే గుర్తున్నవాడికి అది ఉపయోగపడదు. సోర్స్ కోడ్‌లో వెదికేవాని స్థితి ఈ రెండవవాని స్థితి. అతనికి ఒక్కొక్కసారి మాట పూర్తిగా కూడా తెలియదు, మాటలో ఒక ముక్క మాత్రమే తెలుస్తుంది. కనుక మాటల సూచిక చాలదు.

దీనికి పరిష్కారం మూడేసి అక్షరాల సూచిక. దీనిని ట్రైగ్రామ్ సూచిక అంటారు. తెలుగు అక్షరాలతోనే దీనిని వివరించవచ్చు. ‘కమలము’ అన్న మాటను తీసుకోండి. ఇందులో వరుసగా వచ్చే మూడక్షరాల ముక్కలు రెండు: ‘కమల’, ‘మలము’. గ్రంథంలోని ప్రతి పేజీని ముందుగానే ఈ విధంగా ముక్కలు చేసి, ఏ ముక్క ఏ ఏ పేజీలలో ఉన్నదో వ్రాసి పెట్టుకోవాలి. ఈ పని ఒకసారి చేస్తే చాలు.

ఇప్పుడు ఎవరైనా ‘కమలము’ ఎక్కడుందని అడిగితే, గ్రంథాన్ని ముట్టుకోనక్కరలేదు. సూచికలో ‘కమల’ ఎదుట 12, 85, 310 పేజీలు ఉన్నాయనుకుందాం. ‘మలము’ ఎదుట 85, 140, 310 పేజీలు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఉన్నవి 85, 310 మాత్రమే. వందల పేజీల గ్రంథంలో చదవవలసినవి రెండు పేజీలకు తగ్గాయి.

అయితే పని ఇంకా ముగియలేదు. 85వ పేజీలో నిజంగానే ‘కమలము’ ఉన్నది. 310వ పేజీలో మాత్రం ఆ మాట లేదు. అక్కడ ఒక వాక్యంలో ‘కమలకు’ అనీ, మరొక వాక్యంలో ‘విమలము’ అనీ ఉన్నాయి. రెండు ముక్కలూ ఉన్నాయి కానీ అవి కలిసి లేవు. కనుక సూచిక చూపిన పేజీలను చివరికి గ్రెప్ వంటి పద్ధతితో చదివి నిర్ధారించుకోవాలి. సూచిక అనవసరమైన పేజీలను తొలగిస్తుంది. నిర్ధారణ మిగిలినవాటిలో నిజాన్ని తేలుస్తుంది. నిజంగా ఉన్న పేజీ మాత్రం ఈ పద్ధతిలో ఎన్నడూ తప్పిపోదు.

రసాయనశాస్త్రం చదివినవారికి ఈ రెండంచెల పద్ధతి పాత మిత్రుడే. లక్షలాది అణువుల నిర్మాణాలలో ఒక చిన్న నిర్మాణ ఖండాన్ని వెదికేటప్పుడు కూడా ముందుగా స్థూలమైన లక్షణాలతో వడపోస్తారు. మిగిలిన అణువులలో మాత్రమే పరమాణువు పరమాణువునూ సరిపోల్చి చూస్తారు. రెండు శాస్త్రాలూ వేరువేరు అవసరాలతో బయలుదేరి ఒకే ఉపాయానికి చేరుకున్నాయి.

2006 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రారంభించిన కోడ్ సెర్చ్ సేవ ఈ ట్రైగ్రామ్ సూచిక మీదనే నడిచింది. దానిని నిర్మించిన రస్ కాక్స్ ఆ వేసవిలో అక్కడ శిక్షణకు వచ్చిన విద్యార్థి. 2012 జనవరిలో ఆ సేవను మూసివేశారు. అదే నెలలో అతడు దాని పనితీరును వివరంగా వ్రాసి, తిరిగి వ్రాసిన ప్రోగ్రామును అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ భావన ఆధారంగానే 2012లో మైఖేల్ స్టాపెల్‌బర్గ్ అనే జర్మన్ విద్యార్థి, డెబియన్ అనే లినక్స్ సంకలనంలోని వేలాది ప్రోగ్రాములన్నిటిలోనూ ఒకేసారి వెదికే సాధనాన్ని నిర్మించాడు. సేవ మూతపడినా, పద్ధతి బహిరంగం కావడం వలన విద్య నిలిచింది.

పేరు ఒకటి, పదార్థం వేరు: నార్త్ యార్క్ ప్రయత్నం

అక్షరాలను వెదకడం ఒక ఎత్తు. అర్థాన్ని వెదకడం మరొక ఎత్తు. వంటింట్లో ‘తినే సోడా’ అన్నా, ప్రయోగశాలలో ‘సోడియం బైకార్బొనేట్’ అన్నా పదార్థం ఒక్కటే. ‘సోడా’ అన్న ఒక్క మాటే తినే సోడాకూ, బట్టల సోడాకూ, గోలీ సోడాకూ చెల్లుతుంది. పేరుతో వెదికితే వేరువేరు పదార్థాలు కలిసిపోతాయి. ఒకే పదార్థం విడిపోతుంది. అందుకే రసాయనజ్ఞులు పేరును విడిచి నిర్మాణంతో వెదకడం నేర్చుకున్నారు.

ప్రోగ్రాములలోనూ ఇదే చిక్కు. ‘ఓపెన్’ అన్న పేరు గల ఫంక్షన్ ఫైలును తెరిచే లైబ్రరీలో ఒకటి ఉంటుంది, నెట్‌వర్క్ సంబంధాన్ని తెరిచే లైబ్రరీలో మరొకటి ఉంటుంది, వ్యాఖ్యానాలలో ఊరికే వాడిన మాటగా వందసార్లు ఉంటుంది. ఒక ఫంక్షన్‌ను ఎక్కడ నిర్వచించారు, ఎక్కడెక్కడ పిలుస్తున్నారు అని అడిగేవానికి అక్షరాల సూచిక ఇచ్చే సమాధానం చెత్తతో కలిసిన ధాన్యం వంటిది.

ఈ సమస్యపై జరిగిన ఒక చక్కని ప్రయత్నానికి నార్త్ యార్క్ వేదిక అయింది. కీల్ వీధి వైపు, యార్క్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే సెనెకా కళాశాల శాఖ ఒకటి వెలసింది. అక్కడ ఆచార్యుడైన డేవిడ్ హంఫ్రీ 2000ల దశకం నడిమి నుంచి తన విద్యార్థులను మొజిల్లా సంస్థ వారి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ నిర్మాణంలో పాల్గొనేటట్లు చేశాడు. తరగతి గదిలో వంద పంక్తుల అభ్యాసాలు వ్రాసిన విద్యార్థి, ఒక్కసారిగా లక్షల పంక్తుల అడవిలో నిలబడవలసివచ్చేది. అక్కడ మొదటి కష్టం వ్రాయడం కాదు. ఎక్కడ వ్రాయాలో వెదకి పట్టుకోవడం.

అప్పటికి మొజిల్లాలో వాడుకలో ఉన్న అన్వేషణ సాధనం, 1990లలో నార్వేలోని ఓస్లోలో లినక్స్ కోసం పుట్టిన ఎల్‌ఎక్స్‌ఆర్ అనే సాధనానికి వారసురాలు. అది ప్రధానంగా అక్షరాల మీద ఆధారపడినది. 2008లో హంఫ్రీ డీఎక్స్‌ఆర్ అనే కొత్త సాధనాన్ని మొదలుపెట్టాడు. దాని కిటుకు సులభంగా చెప్పవచ్చు. ఒక మాటకు ఏ అర్థమో తప్పనిసరిగా తెలిసినవాడు ఒకడున్నాడు, వాడు కంపైలర్. వాడికి తెలియకపోతే అనువాదమే జరగదు. కనుక ఊహించడం మాని, కంపైలర్‌నే అడగాలి. మొజిల్లా వారి డీహైడ్రా అనే ఉపకరణం కంపైలర్ లోపలికి తొంగిచూసి, ఏ పేరు దేనిని సూచిస్తున్నదో బయటికి చెప్పగలదు. ఆ సమాచారాన్ని ఒక డేటాబేస్‌లో భద్రపరిచి, అడిగినవారికి అందించడమే డీఎక్స్‌ఆర్ చేసిన పని.

కొన్నేళ్ళపాటు మొజిల్లా ఇంజనీర్లు దీనిని పెంచి వాడుకున్నారు. తరువాత సెర్చ్‌ఫాక్స్ అనే మరింత వేగవంతమైన సాధనం దాని స్థానాన్ని ఆక్రమించింది. అందులోనూ అక్షరాల శోధన, అర్థ శోధన పక్కపక్కనే పనిచేస్తున్నాయి. తల్లి వేరు ఎండినా పిలక నిలిచిన అరటితోట వంటిది ఈ చరిత్ర.

ఏ ఏ గదులలో ఆ సీసా ఉన్నది?

ఈ విద్య పండితుల వినోదం కాదనడానికి రెండు సంఘటనలు చాలు.

2002 మార్చిలో జడ్‌లిబ్‌లో ఒక లోపం బయటపడింది. తిరిగి ఇచ్చివేసిన మెమరీ భాగాన్నే మరొకసారి తిరిగి ఇచ్చివేయడం ఆ లోపం. దిద్దుబాటు చిన్నదే, దిద్దవలసిన చోట్లే అనేకం. జడ్‌లిబ్‌ను 1995లో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ విడుదల చేసినప్పటి నుంచి, ఎందరో ప్రోగ్రామర్లు దానిని ఉమ్మడిగా పంచుకోవడానికి బదులు, దాని పాఠాన్ని తమ ప్రోగ్రాములలోకి నకలు చేసుకున్నారు. లినక్స్ వ్యవస్థ గర్భంలో కూడా ఒక నకలు ఉన్నది. అసలు ప్రతిని దిద్దినంత మాత్రాన నకళ్ళు దిద్దబడవు. వ్రాతప్రతులను పరిష్కరించే పండితునికి ఈ బాధ బాగా తెలుసు: మాతృకలోని తప్పు ప్రతి నకలులోకీ ప్రవహిస్తుంది, ఆ నకళ్ళు ఏ ఏ ఊళ్ళలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. అయితే జడ్‌లిబ్ రచయితలు తమ పేరు, సంవత్సరం, వెర్షన్ సంఖ్య గల చిన్న వాక్యాన్ని ప్రోగ్రాములోనే పొందుపరిచారు. అనువాదం జరిగి యంత్రభాష అయిన తరువాత కూడా ఆ వాక్యం చెక్కుచెదరక మిగులుతుంది. తాటాకు ప్రతి చివరి గద్య లేఖకుని ఆచూకీ చెప్పినట్లుగా, ఆ ముద్ర నకళ్ళ ఆచూకీ చెబుతుంది.

రెండవ సంఘటన కెనడాకు మరింత సమీపమైనది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే లైబ్రరీలో తీవ్రమైన లోపం వెల్లడైంది. ప్రోగ్రాములో జరిగిన విషయాలను చిట్టాలో వ్రాసుకునే గుమాస్తా పని దానిది. చిట్టాలో వ్రాయమని ఇచ్చిన మాటలో ఒక ప్రత్యేక ఆకృతి కనిపిస్తే, ఆ గుమాస్తా వ్రాయడం మాని ఆ మాటను ఆజ్ఞగా పాటించేవాడు. పరాయి కంప్యూటర్ నుంచి ప్రోగ్రామును తెచ్చి నడిపేవాడు. కెనడా రెవెన్యూ ఏజెన్సీ ముందుజాగ్రత్తగా మళ్ళీ తన ఆన్‌లైన్ సేవలను నిలిపింది. క్యుబెక్ ప్రభుత్వం 4,000కు చేరువైన సంఖ్యలో తన వెబ్‌సైట్లను మూసివేసింది. మూసివేయడానికి కారణం అవన్నీ చెడిపోవడం కాదు. వాటిలో ఏవి ఆ లైబ్రరీని వాడుతున్నాయో తెలియకపోవడం. ప్రభుత్వ భవనాలన్నిటిలో ఎన్ని గదులలో 60 వాట్ల బల్బులున్నాయో చెప్పమన్నట్లుగా ఉందని, గది గదికీ వెళ్ళి చూడక తప్పదని అక్కడి మంత్రి వివరించారు.

వెదకగలిగే జాబితా లేనప్పుడు దీపాలన్నీ ఆర్పివేయక తప్పదు. మందు సీసా మీద ఘటకాల పట్టిక ఉన్నట్లే, ప్రతి ప్రోగ్రాము వెంట అందులోని లైబ్రరీల పట్టిక ఉండాలన్న ఆలోచన ఇటువంటి అనుభవాల నుంచే బలపడింది. 2021 మే నెలలో అమెరికా అధ్యక్షుడు జారీచేసిన ఉత్తర్వు, ప్రభుత్వం కొనే సాఫ్ట్‌వేర్ విషయంలో అటువంటి పట్టికల వైపు తొలి అడుగు వేయించింది.

లేని వాక్యాన్ని వెదకడం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. ఇన్ని సాధనాలున్నా హార్ట్‌బ్లీడ్ ఎందుకు దొరకలేదు?

ఆ లోపం స్వరూపం ఇది. రెండు కంప్యూటర్ల నడుమ సంబంధం నిలిచి ఉన్నదా అని తెలుసుకోవడానికి ఒకటి రెండవదానికి ఒక మాట పంపి, దానిని తిరిగి చెప్పమంటుంది. మాటతో పాటు దాని పొడవునూ చెబుతుంది. ‘కమలము’ అని పంపి, దీని పొడవు నాలుగక్షరాలు అంటే, అవతలి యంత్రం ‘కమలము’ అని బదులిస్తుంది. కానీ ‘కమలము’ అని పంపి, దీని పొడవు 500 అక్షరాలు అని అబద్ధం చెబితే? ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ఆ అబద్ధాన్ని నమ్మింది. ‘కమలము’ తరువాత తన మెమరీలో ఏమున్నదో 500 అక్షరాలు నిండేవరకు చదివి అప్పగించింది. ఆ భాగంలో ఒకరి పాస్‌వర్డ్ ఉండవచ్చు, మరొకరి సోషల్ ఇన్సూరెన్స్ నంబరు ఉండవచ్చు. ఒక్కొక్క ప్రశ్నకు సుమారు 64 కిలోబైట్ల వరకు ఈ విధంగా కారిపోగలదు.

ఇందులో తప్పుడు వాక్యం అంటూ విడిగా లేదు. ఉండవలసిన ఒక పరీక్ష లేదు. చెప్పిన పొడవు, వచ్చిన పొడవు సరిపోయినాయా అన్న ప్రశ్న అక్కడ వ్రాయబడలేదు. 2014 ఏప్రిల్ 7న వచ్చిన దిద్దుబాటు ఆ పరీక్షను చేర్చడమే. అక్షరాల సూచిక ఉన్నదానిని చూపగలదు, లేనిదానిని చూపలేదు. వాక్యాన్ని వెదకవచ్చు, వాక్యం లోపించిన చోటును వెదకాలంటే, అక్కడ ఏమి ఉండాలో ముందుగా తెలిసిన మనిషి కూర్చుని చదవాలి. గూగుల్ సంస్థకు చెందిన నీల్ మెహతా, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనామికన్ సంస్థ ఇంజనీర్లు ఒకరికొకరు సంబంధం లేకుండానే దానిని కనుగొన్నారు.

చదివేవారు ఎందరు అన్నది మరొక ప్రశ్న. ప్రపంచపు వాణిజ్యంలో పెద్ద భాగం ఆధారపడిన ఆ లైబ్రరీకి అప్పట్లో పూర్తికాలం పనిచేసే వ్యక్తి ఒక్కడే ఉండేవాడు. విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. ఊరందరూ నీళ్ళు తోడుకునే బావికి పూడిక తీసేవాడు ఒక్కడే అయినట్లు. ఈ ఉపద్రవం తరువాతనే, 2014 ఏప్రిల్‌లో, లినక్స్ ఫౌండేషన్ పెద్ద సంస్థల సహాయంతో ఇటువంటి ఉమ్మడి లైబ్రరీలకు ధనసహాయం చేసే కార్యక్రమాన్ని ప్రారంభించింది.

అన్వేషణకు మరొక పరిమితిని 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ చూపింది. ఇది కూడా జడ్‌లిబ్ వలె సమాచారాన్ని నొక్కి చిన్నది చేసేదే. మారుపేరుతో రెండేళ్ళకు పైగా సహాయకునిగా మెలగి నమ్మకం సంపాదించిన వ్యక్తి అందులో దొంగదారి అమర్చాడు. ఆ దారిని మేల్కొలిపే పంక్తి అందరూ చూసే సోర్స్ కోడ్ భాండాగారంలో లేదు; పంపిణీకి కట్టిన మూటలో మాత్రమే ఉన్నది. మిగిలిన భాగం పరీక్షా ఫైళ్ళ ముసుగులో, చదవడానికి వీలులేని రూపంలో ఉన్నది. భాండాగారాన్ని ఎంత వెదకినా దొరికేది కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరపు కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి రోజూ కంటె అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించి, ఆ అర సెకను ఎక్కడికి పోయిందని తీగ లాగితే డొంక కదిలింది. విశాల లోకానికి చేరకముందే ప్రమాదం తప్పింది. ప్రయోగశాలలో ఉత్పన్నం బరువు లెక్కకు ఒక మిల్లీగ్రాము తేడా వస్తే నిద్రపట్టని రసాయనజ్ఞుని స్వభావం వంటిదే ఆ ఇంజనీరుది.

కొత్తగా నేర్చుకునేవారికి

ప్రవాసాంధ్ర కుటుంబాలలో ఈ విద్య వైపు అడుగువేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. పాఠశాలలలో ప్రోగ్రాములు వ్రాయడం నేర్పుతారు. ఇతరులు వ్రాసినదానిని వెదకి చదవడం అంతగా నేర్పరు. వృత్తిలో ప్రవేశించిన తరువాత వ్రాయడం కంటె చదవడమే ఎక్కువ. వారికి ఉపకరించే సూత్రాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, దొరికే మాటను ఎంచుకోవడం. ‘డేటా’, ‘ఓపెన్’ వంటి సాధారణ పదాలకు వేల సమాధానాలు వస్తాయి. ప్రోగ్రాము తెర మీద చూపిన లోపసందేశంలోని మార్పులేని భాగాన్ని వెదికితే చాలాసార్లు ఒక్క చోటే దొరుకుతుంది. అక్కడి నుంచి వెనుకకు నడవవచ్చు.

రెండవది, నిర్వచనాన్నీ వాడుకనూ వేరుగా చూడడం. ఒక ఫంక్షన్‌ను ఎలా వాడాలో తెలియనప్పుడు దాని నిర్వచనం కంటె, దానిని ఇతరులు పిలిచిన పది చోట్లు చదవడం మేలు. లిబ్‌కర్ల్ వంటి పేరుపొందిన లైబ్రరీలను ఎందరో వాడుతున్నారు కనుక ఉదాహరణలకు కొదవ లేదు. నిఘంటువులో అర్థం చూడటానికీ, కావ్యంలో ప్రయోగం చూడటానికీ ఉన్న తేడా ఇది.

మూడవది, చరిత్రను వెదకడం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన గిట్ వంటి సాధనాలు ప్రతి పంక్తి ఏ రోజున, ఎవరి చేత, ఏ కారణంతో చేరిందో భద్రపరుస్తాయి. ఒక మాట మొదట ఎప్పుడు చేరింది, ఎప్పుడు తొలగింది అని గిట్‌ను అడగవచ్చు. హార్ట్‌బ్లీడ్ పంక్తులు ఒక సంవత్సరాంత దినాన చేరినాయని లోకానికి తెలిసింది ఇటువంటి చరిత్ర వలననే.

నాలుగవది, వెదకి తెచ్చుకున్నదానిని నకలు చేసుకునే ముందు దాని అనుమతి పత్రాన్ని చదవడం, మూలాన్ని పేర్కొనడం. 2002లో జడ్‌లిబ్ నకళ్ళ కోసం పడిన పాట్లు గుర్తుంచుకుంటే, ఎక్కడి నుంచి తెచ్చామో వ్రాసిపెట్టుకోవడం మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడా అని తెలుస్తుంది.

చివరిది, దొరకలేదు అన్న సమాధానాన్ని లేదు అన్న సమాధానంగా భావించకపోవడం. అడిగిన పేరు వేరై ఉండవచ్చు. వెదికిన చోటు వేరై ఉండవచ్చు. వెదకవలసినది అసలు వ్రాయబడని వాక్యమే అయి ఉండవచ్చు. సాధనాలు క్షణంలో కోట్ల పంక్తులను వడపోసి ఇరవై పంక్తులు ముందుంచుతాయి. ఆ ఇరవై పంక్తులనూ ఓర్పుతో చదివి, ఇక్కడ ఉండవలసినది ఏమిటి అని అడిగే పని మాత్రం నార్త్ యార్క్ తరగతి గదిలో కూర్చున్న విద్యార్థిదైనా, ఏ దేశంలో ఉన్న ఇంజనీరుదైనా, మనిషిదే. ఏప్రిల్ నెలలో పన్ను పత్రాలు నింపే ప్రతి కుటుంబం భద్రత అటువంటి పాఠకుల మీద ఆధారపడి ఉన్నది.